గ్యారేజీలో తిరిగే పంపు సముద్రంలో ఎందుకు మొరాయించింది: కయాక్ ఎర ట్యాంకుతో నా అనుభవం

అమెరికాలోని శాన్‌డియేగో నగరపు లా హోయా తీరం నుంచి, తెడ్డుతో నడిపే కయాక్ అనే సన్నని చిన్న పడవ మీద ఎల్లోటెయిల్ అనే పెద్ద చేప వేటకు వెళ్లేవారు ముందుగా ఎర సంపాదించుకోవాలి. చిన్న చిన్న కొక్కేలు వరసగా కట్టిన సబీకి తాడును నీటిలోకి దించి, మన కానాగంతకు దగ్గరి చుట్టమైన పసిఫిక్ మాకెరెల్‌ను పట్టి, దానిని ప్రాణంతో ట్యాంకులో వేసుకుని, కెల్ప్ అనే పొడవాటి సముద్రపు నాచు పెరిగే చోటు దాకా తెడ్డు వేసుకుంటూ పోవాలి. రేవుకు ఆనుకుని ఉన్న నీళ్లు సంరక్షిత ప్రాంతంగా ఉన్నందువల్ల అక్కడ గాలం వేయడానికి వీలులేదు. ఒడ్డు వదిలి మైలు దూరం దాటిన తరువాత ట్యాంకు పంపు ఆగిపోతే వెనక్కు రావడం ఒక తంటా, ముందుకు పోవడం ఇంకో తంటా. నేను పాతది కొనుక్కున్న కయాక్‌తో పాటు వచ్చిన పంపు సరిగ్గా ఈ స్థితిలోనే నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. అది బాగుపడే వరకు నేను చేసిన పరీక్షలను, వాటిలో ఏది పనికివచ్చింది, ఏది దారి తప్పించింది అన్నదానిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మాకెరెల్ విషయంలో పంపు ఎందుకంత ముఖ్యమో ముందు చెప్పాలి. మన చెరువుల్లోని కొర్రమీను గాలిని కూడా పీల్చుకోగలదు కనుక కొద్దిపాటి బురద నీటిలోనైనా బతికేస్తుంది. మాకెరెల్ అటువంటిది కాదు. అది నోరు తెరుచుకుని నిరంతరం ముందుకు ఈదుతూ, ఆ వేగంతోనే నీటిని మొప్పల మీదుగా నెట్టుకుంటుంది. ఈత ఆగితే ఊపిరి ఆడదు. నీటిలో ఆక్సిజన్ తగ్గినా ఊపిరి ఆడదు. అందుకే ఈ ట్యాంకులను మూలలు లేకుండా గుండ్రంగా చేస్తారు, లోపలికి వచ్చే నీటిని గోడ వెంబడి ఏటవాలుగా వదిలి సుడి తిరిగేటట్టు చూస్తారు. నా ట్యాంకులో సుమారు 30 లీటర్ల నీరు పడుతుంది, అంటే సముద్రపు నీటి లెక్కన దాదాపు 31 కిలోల బరువు. అది సీటు వెనుక ఉన్న గుంతలో కూర్చుంటుంది. దాని అడుగు పక్కన చిన్న బిల్జి పంపు, అంటే పడవల్లో చేరిన నీటిని తోడే రకం పంపు, ఒకటి బిగించి ఉంది. పంపు నోటి నుంచి ఒక పైపు కయాక్ అడుగున నీరు కారిపోవడానికి ఉండే స్కప్పర్ రంధ్రం గుండా కిందికి దిగి సముద్రంలో మునిగి ఉంటుంది. పంపు తోడిన నీరు ముప్పావు అంగుళం గొట్టం ద్వారా ట్యాంకు పైభాగానికి చేరి, మిగులు నీరు అంతకంటె పెద్ద గొట్టం ద్వారా తిరిగి సముద్రంలో పడుతుంది. పంపుకు కావలసినది 12 వోల్టులు, తీసుకునేది సుమారు రెండు ఆంపియర్లు. కయాక్ పొట్టలో 7 ఆంపియర్ అవర్ల సీల్డ్ లెడ్ బ్యాటరీ ఉంటుంది.

లక్షణం విచిత్రంగా ఉండేది. ఇంటి దగ్గర బకెట్టులో పంపును ముంచి స్విచ్ వేస్తే నీరు చక్కగా వచ్చేది. సముద్రంలో మాత్రం ఒక్కొక్కప్పుడు పంపు గుయ్యిమని తిరుగుతూనే ఉన్నా నీటి చుక్క రాదు, ఒక్కొక్కప్పుడు నీరు వస్తుంది గాని పిల్లకాలువలా సన్నగా వస్తుంది. ఈ రెండూ ఒకే జబ్బుకు రెండు రూపాలని మొదట అందరూ అనుకునే మాట. రేవులో కలిసిన అనుభవజ్ఞులు చాలామంది "బ్యాటరీ పోయింది, మార్చెయ్యండి" అన్నారు. కొందరు పంపునే మార్చమన్నారు. రెండూ కొంటే ఖర్చు ఎలాగూ అవుతుంది, కాని కొన్న తరువాత కూడా అదే తంతు అయితే దోషం ఎక్కడుందో తెలుసుకునే ఆధారం కూడా పోతుంది. అందుకని మల్టీమీటరు పట్టుకుని ఒక చివర నుంచి మొదలుపెట్టాను.

బ్యాటరీని ఊరకే ఉంచి కొలిస్తే 12.7 వోల్టులు చూపించింది, అంటే నిండుగా ఉన్నట్టే. ఈ అంకెను చూసి బ్యాటరీ బాగుందని తేల్చుకోకూడదు. ముసలిదైపోయిన లెడ్ బ్యాటరీ కూడా బరువు పడనంతసేపు ఇదే అంకె చూపిస్తుంది. అందుకని పంపును బకెట్టులో తిప్పుతూ, అది నీరు తోడుతున్నప్పుడే బ్యాటరీ బోల్టుల దగ్గర కొలిచాను. 12.4 వచ్చింది. పావుగంట తిప్పినా పెద్దగా దిగలేదు. కాబట్టి బ్యాటరీ నిర్దోషి. 7 ఆంపియర్ అవర్లని దాని మీద రాసినది ఇరవై గంటల మీద నెమ్మదిగా వాడినప్పటి లెక్క. రెండు ఆంపియర్ల చొప్పున లాగితే భాగహారం మూడున్నర గంటలని చెబుతుంది గాని చేతికి వచ్చేది మూడు గంటల లోపే. అది తెలిసి ఉంటే మధ్యాహ్నానికి పంపు నీరసించినప్పుడు కంగారు పడనక్కరలేదు. నా పంపు మాత్రం తెల్లవారుజామునే నీరసించేది.

ఆ తరువాత మీటరు ముల్లులను పంపు వైర్ల దగ్గరకు మార్చాను. బ్యాటరీ దగ్గర 12.4 ఉన్న క్షణంలోనే పంపు దగ్గర 9.9 ఉంది. రెండున్నర వోల్టులు దారిలోనే మాయమవుతున్నాయి. నా వైరు 18 గేజి రాగి వైరు. దాని నిరోధం మీటరు పొడవుకు 0.021 ఓం చొప్పున ఉంటుంది. పోను రెండు మీటర్లు, రాను రెండు మీటర్లు వేసుకున్నా, రెండు ఆంపియర్లకు వైరులో పోవలసింది 0.17 వోల్టు మాత్రమే. మిగిలినదంతా ఏదో ఒక జాయింటు తినేస్తున్నదన్నమాట. ముల్లులను వైరు వెంబడి స్విచ్ దాకా, ఫ్యూజు దాకా, ఒక్కొక్క జాయింటుకు అటూ ఇటూ పెట్టుకుంటూ వచ్చాను. పంపుకు జానెడు దూరంలో, నల్ల టేపు చుట్టి ఉన్న ఒక జాయింటు దగ్గర మీటరు 2.3 చూపించింది. వేలితో తాకితే ఆ చోటు గోరువెచ్చగా ఉంది. అప్పటికి పంపు లాగుతున్నది ఒకటిన్నర ఆంపియరు కనుక, ఆ చిన్న గుబ్బలో మూడు వాట్లకు పైగా వేడిగా పోతున్నది.

టేపు విప్పితే లోపల నీలి ఆకుపచ్చ పొడి రాలింది. క్రింపు చేసిన, అంటే వైర్లను లోపల పెట్టి నొక్కి బిగించిన, చిన్న గొట్టంలో ఉండవలసిన సన్నని తీగలలో ఎక్కువ భాగం తుప్పు తిని తెగిపోగా, రెండు మూడు తీగలు మాత్రమే పట్టుకుని ఉన్నాయి. వైరు పైపొరను కొద్దికొద్దిగా ఒలుచుకుంటూ వెనక్కు పోతే రాగి ఎర్రగా కనబడడానికి నాలుగు అంగుళాలు పట్టింది. అంతవరకూ నల్లగానే ఉంది. ఉప్పునీరు తీగల మధ్య సందుల్లోంచి పైపొర కిందుగా ఎంత దూరం పాకుతుందో అప్పుడు కళ్లారా చూశాను. ఇక్కడే ఒక హెచ్చరిక చెప్పాలి. ఈ జాయింటును అంతకు ముందు ఒక మిత్రుడు మీటరులోని బీప్ శబ్దంతో పరీక్షించి బాగుందని తేల్చాడు. ఆ పరీక్షలో మీటరు పంపే విద్యుత్తు అతి స్వల్పం. దానికి ఒక్క తీగ అంటుకుని ఉన్నా చాలు, బీప్ వస్తుంది. రెండు ఆంపియర్లు మోయగలదా లేదా అన్నది ఆ శబ్దం చెప్పదు. పని జరుగుతున్నప్పుడు వోల్టేజి కొలవడమే దానికి మార్గం.

నల్లబడిన వైరును పూర్తిగా కత్తిరించి, తగరపు పూత ఉన్న పడవల వైరును వేసి, లోపల జిగురు ఉండి వేడికి బిగుసుకునే రకం కనెక్టరుతో క్రింపు చేశాను. పనిలో పనిగా మూడు ఆంపియర్ల ఫ్యూజును స్విచ్ పక్క నుంచి తీసి బ్యాటరీ పక్కకు మార్చాను. ఫ్యూజు ఎక్కడున్నా ఒకటేనని చాలామంది భావం. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న వైరు ఎక్కడైనా ఒరుసుకుని షార్టయితే ఆ ఫ్యూజు ఏమీ చేయలేదు. మూసిన ప్లాస్టిక్ పొట్టలో వైరు కాలడం సముద్రం మధ్యలో ఎవరికీ రాకూడని కష్టం.

మరమ్మతు తరువాత పంపు దగ్గర 12.2 వచ్చింది. మాయమయ్యే వోల్టులు తిరిగి వచ్చాయి కాబట్టి నీరు కూడా దానికి తగ్గట్టు పెరగాలి. పెరిగింది గాని నేను ఆశించినంత పెరగలేదు. పది లీటర్ల బకెట్టును ట్యాంకు గొట్టం కింద పెట్టి ఫోనులో సమయం చూస్తే నిండడానికి 58 సెకన్లు పట్టింది. అంటే గంటకు 620 లీటర్లు. పంపు మీద గంటకు 500 అమెరికన్ గ్యాలన్లని, అంటే దాదాపు 1900 లీటర్లని రాసి ఉంది. అది నీటిని ఏమాత్రం పైకి ఎత్తనక్కరలేనప్పటి లెక్క కనుక అందులో కొంత కోత ఉంటుందని తెలుసు, కాని మూడో వంతుకు దిగడం నమ్మశక్యంగా లేదు. పంపు అడుగు జాలీ విప్పి, నీటిని విసిరే రెక్కల చక్రమైన ఇంపెల్లరును చూశాను. ఇరుసు చుట్టూ గాలం దారం ముక్క ఒకటి బిగుసుకుని ఉంది, రెక్కల మూలల్లో ఇసుక ఉంది. లా హోయాలో అలల్లోంచి కయాక్ తోసుకుని పోవాలి కనుక ఇసుక రావడంలో వింత లేదు. రెండూ తీసేశాను. 58 సెకన్లు కాస్తా 55 అయ్యాయి, అంతే.

వైర్ల రంగుల మీదికి దృష్టి పోయింది అప్పుడే. బిల్జి పంపులలో సాధారణంగా గోధుమరంగు వైరు ధనం, నల్లది ఋణం. పాత జాయింటుకు అవతల రెండు వైర్లూ ఒకే రంగువి కావడంతో, మొదట బిగించినవారెవరో వాటిని తారుమారు చేశారు. నేను ఉన్నదానిని ఉన్నట్టే మళ్లీ కలిపాను. తారుమారైతే మోటారు అసలు తిరగదనో, నీటిని వెనక్కు తోడుతుందనో అనుకుంటాం. ఇటువంటి సెంట్రిఫ్యూగల్ పంపులో అలా జరగదు. ఇంపెల్లరు వెనక్కు తిరిగినా నీటిని అంచులకే విసురుతుంది కనుక నీరు బయటికే వస్తుంది, కాకపోతే సగం బలంతో వస్తుంది. వినడానికి శబ్దంలో తేడా తెలియదు. వైర్లు మార్చి కలిపిన తరువాత అదే బకెట్టు 29 సెకన్లలో నిండింది. గంటకు 1240 లీటర్లు. ట్యాంకు నీరు గంటకు నలభై సార్లు మారుతుంది, మాకెరెల్‌కు అంతకంటె అవసరం లేదు.

ఇంత చేసి సముద్రానికి పోతే, అలలు దాటి, స్విచ్ వేయగానే పంపు గుయ్యిమని తిరిగింది, నీరు రాలేదు. వోల్టేజి జబ్బు, నీరు రాని జబ్బు రెండు వేరువేరు జబ్బులని అప్పుడు స్పష్టమైంది. ఒకటి నయమైతే గాని రెండోది విడిగా కనబడలేదు.

ఆ వారాంతంలో పాలకొల్లు దగ్గర ఉండే మా బాబాయితో ఫోనులో మాట్లాడుతూ ఈ సంగతి చెప్పాను. ఆయన కాలువ గట్టున మోనోబ్లాక్ మోటారుతో చేలకు నీళ్లు పెట్టుకునే మనిషి. కయాక్ అంటే ఏమిటో ఫోటో చూపించాల్సి వచ్చింది.

"మోటారు నీటికి పైనుందా, కిందనుందా?" అని అడిగారు.

"నీటి మట్టానికే ఉంటుంది బాబాయ్."

"ఎవరెక్కినప్పుడు? సామానంతా వేసినప్పుడా, ఖాళీగానా? మోటారు గాలి పట్టేస్తే ఎంతసేపు తిప్పినా గాలినే తిప్పుతుందిరా. ముందు నీళ్లు పట్టించాలి."

సెంట్రిఫ్యూగల్ పంపు తనంతట తాను నీటిని పీల్చుకోలేదు. దాని పొట్టలో నీరుంటేనే రెక్కలు ఆ నీటిని విసిరి, వెనుక ఖాళీని ఏర్పరచి, కింది నీటిని లాగుతాయి. పొట్టలో గాలి ఉంటే, గాలి తేలిక కనుక రెక్కలు దానిని విసిరినా లాగే బలం పుట్టదు. అందుకే మన పొలాల్లో ఫుట్ వాల్వు పెట్టి, మోటారు నోట్లో బిందెడు నీళ్లు పోసి, అప్పుడు స్విచ్ వేస్తారు. నా పంపుకు ఫుట్ వాల్వు లేదు. నీటి మట్టానికి కింద ఉంటుందన్న నమ్మకం మీద దాని పని నడుస్తుంది. బాబాయి అడిగిన రెండో ప్రశ్నకు జవాబు వెతకడానికి, గాలి లేని ఒక ఉదయం మిషన్ బే అనే అక్కడి అఖాతంలోని నిలకడ నీటిలో కయాక్‌ను తేల్చి, పంపు పక్కన గోడ మీద నీటి గీత ఎక్కడుందో పెన్సిలుతో గుర్తు పెట్టాను. ట్యాంకు నిండి ఉన్నప్పుడు వెనుక భాగం దిగి, పంపు పూర్తిగా గీతకు కిందికి పోతున్నది. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు ఆ 31 కిలోలు లేవు కాబట్టి వెనుక భాగం లేచి, పంపు నోరు గీతకు రెండు వేళ్లు పైన ఉంటున్నది. ట్యాంకు నిండితేనే పంపు మునుగుతుంది, పంపు మునిగితేనే ట్యాంకు నిండుతుంది. నిజానికి దోషం ఏ ఒక్క వస్తువులోనూ లేదు. బకెట్టు పరీక్షలో ఇది ఎన్నటికీ బయటపడదు, ఎందుకంటే బకెట్టులో నేను పంపును చేత్తోనే ముంచేవాడిని.

పరిష్కారం దాదాపు హాస్యాస్పదంగా ఉంది. అలలు దాటగానే చిన్న డబ్బాతో సముద్రపు నీరు ముంచి ట్యాంకులో పదీ పన్నెండు లీటర్లు పోస్తే చాలు, వెనుక భాగం దిగుతుంది, పంపు నోటిలోకి నీరు దానంతట అదే చేరుతుంది. అప్పుడు స్విచ్ వేయాలి.

అయినా ఒక్కొక్కప్పుడు మొండికేసేది. పంపును పడుకోబెట్టి బిగించినప్పుడు నీరు బయటికి పోయే మూతి పైవైపుకు ఉండాలి. అప్పుడే లోపల చిక్కిన గాలి తేలి బయటికి పోతుంది. నా పంపుకు అది పక్కకు తిరిగి ఉంది. పైగా అక్కడి నుంచి ట్యాంకుకు పోయే గొట్టం, పొడవు ఎక్కువై, ఒక వంపు తిరిగి కిందికి జారి మళ్లీ పైకి లేస్తున్నది. ఆ వంపులో నీరు నిలిచిపోయి, పంపులోని గాలి బయటికి పోయే దారిని మూసేస్తున్నది. పంపును పావువంతు తిప్పి మూతిని పైకి చేసి, గొట్టాన్ని జానెడు కత్తిరించి, కింది నుంచి పై దాకా ఎక్కడా దిగకుండా ఎక్కుతూ పోయేటట్టు బిగించాను. అలల్లో ఎప్పుడైనా పైపు నోరు గాలిలోకి లేచి బుడగ పట్టినా, ఇప్పుడు స్విచ్ ఆపి అయిదారు సెకన్లు ఆగితే బుడగ తేలిపోతుంది. పంపును ఆపకుండా అలాగే తిప్పుతూ ఉంటే రెక్కలు ఆ బుడగను మధ్యలోనే పట్టి ఉంచుతాయి. కంగారులో ఎవరికైనా స్విచ్ ఆపబుద్ధి కాదు, కాని ఆపడమే మందు.

కింద మునిగి ఉన్న పైపు చివర ఎటు చూస్తున్నదన్నది కూడా పట్టించుకోవలసిన సంగతి. నాది అడ్డంగా కోసిన పైపు కావడంతో తెడ్డు వేగంగా వేసినప్పుడు కిందుగా పోయే నీరు పైపులోని నీటిని లాగేసేది. చివరకు ఒక మోచేతి ముక్క తగిలించి దాని నోరు ముందువైపుకు తిప్పాక, కయాక్ కదిలే వేగమే నీటిని లోపలికి నెట్టడానికి తోడ్పడుతున్నది. దీని నష్టం దీనికుంది: ముందుకు చూసే నోరు తేలే నాచు ముక్కలను కూడా ఆప్యాయంగా ఆహ్వానిస్తుంది. కెల్ప్ అంచున నీటి ధార సన్నబడితే నేను ముందు అక్కడ చేయి పెట్టి చూస్తాను, తరువాతే వైర్ల సంగతి.

నీరు బయటికి పోయే గొట్టం గురించి ఎవరూ ఆలోచించరు. మాకెరెల్ కంటె సార్డిన్లు, అంటే మన కవళ్లు, పొలుసులు త్వరగా రాలుస్తాయి. ఆ పొలుసులు బయటి గొట్టం జాలీకి కాగితంలా అంటుకుంటే నీరు మూత మీదుగా పొంగి, కూర్చున్నవాడి నడుము తడిపి, పంపు ఎక్కువగా కొడుతున్నదన్న భ్రమ కలిగిస్తుంది. జాలీకి ఉన్న సన్నని రంధ్రాలు తీసేసి వేలు దూరేంత రంధ్రాలు పెట్టాను. వాటిలోంచి పొలుసులు పోతాయి, చేప పోదు.

ఇప్పుడు ఇంటికి రాగానే మంచినీటి బకెట్టులో పంపును కాసేపు తిప్పి, ఆ తిరుగుతున్నప్పుడే బ్యాటరీ దగ్గర ఒకసారి, పంపు దగ్గర ఒకసారి వోల్టేజి చూసి రాసుకుంటున్నాను. రెండింటికీ తేడా అర వోల్టు దాటితే జాయింట్లు విప్పి చూడాలని నాకు నేను పెట్టుకున్న హద్దు. ఇంతవరకూ అది పావు వోల్టు దగ్గరే ఉంటున్నది.

ఇక మిగిలింది బ్యాటరీ మార్పు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అదే సామర్థ్యానికి లెడ్ బ్యాటరీలో సగం బరువు కూడా ఉండదు, రాసి ఉన్న ఆంపియర్ అవర్లను దాదాపు పూర్తిగా ఇస్తుంది. అయితే అది చివరి దాకా 13 వోల్టుల చుట్టుపక్కలే నిలకడగా ఉండి, అయిపోయే ముందు ఒక్కసారిగా పడిపోతుంది. లెడ్ బ్యాటరీ నీరసిస్తుంటే నీటి ధార ముందుగానే సన్నబడి నాకు కబురు అందుతుంది. కొత్తదానితో ఆ కబురు రాదు, గడియారం చూసుకోవాలి. పైగా లెడ్ బ్యాటరీ బరువులో సగానికి పైగా వెనుక భాగంలో తగ్గితే నీటి గీత మళ్లీ మారుతుంది. అది కొన్నాక మిషన్ బేకు మరొకసారి పెన్సిలు పట్టుకుని పోవలసిందే.